కంట్రోలరు గారి ఎనిమిది ఇరవై బస్సు

గౌరీదేవికి యాభైయేడో ఏట ఉద్యోగం దొరికింది. జీవితంలో మొట్టమొదటిది. నెహ్రూ నగర్‌లో హేమశ్రీ అనే అమ్మాయి పసిపిల్లల్ని పగలంతా చూసుకునే క్రెష్ ఒకటి నడుపుతోంది. పొద్దున్న తొమ్మిదింటికల్లా దాని గేటు దగ్గర నిలబడి పిల్లల్ని అందుకోవాలి, సాయంత్రం ఐదింటికి వాళ్ళ తల్లుల చేతికి అప్పగించాలి. మధ్యలో తినిపించడం, జోకొట్టడం, ముక్కులు తుడవడం. ఇందులో ఆమెకు రాని పని ఒక్కటీ లేదు. చిక్కల్లా ఎక్కడంటే, ఇల్లు ఖుర్సీపార్‌లో ఉంది, పని నెహ్రూ నగర్‌లో ఉంది, మధ్యలో సిటీ బస్సు ఉంది. ఆ బస్సుకీ ఆమెకీ మధ్య సూర్యారావు ఉన్నాడు.

సూర్యారావు ఆమె భర్త. రాయపూర్ దగ్గర, హిందీ నడిచే ఊళ్ళో, స్టీలు ప్లాంటులో ముప్ఫయ్యారేళ్ళు ట్రాఫిక్ కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. ట్రాఫిక్ అంటే రోడ్డు మధ్యలో నిలబడి చేతులూపే ఉద్యోగం కాదు. ప్లాంటు లోపల దాని రైలు పట్టాలు దానికున్నాయి. కొలిమిలోంచి దిగిన ఇనుము కుతకుతలాడుతూ లేడిల్ అనే పెద్ద గంగాళంలో పడి, ఇంజను వెనకాల ఉక్కు తయారయ్యే చోటికి వెళ్ళాలి. దారిలో ఆలస్యమైతే గడ్డకట్టుకుపోతుంది. ఏ లేడిల్ ఏ లైన్లో ఉందో, ఏ ఇంజను ఎక్కడ ఆగిందో కిటికీ లేని గదిలో కూర్చుని ఫోన్ల మీద నడిపించేవాడు సూర్యారావు. పట్టాల దగ్గర యార్డులో ఉన్నవాడు కళ్ళతో చూసింది చెప్తాడు, ఈయన ఆర్డరిస్తాడు, అవతలివాడు ఆ ఆర్డర్ని పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పాడంటే పని జరిగిపోయినట్టే. ఈయన రిజిస్టర్లో టైము వేసి ఠక్కున ఫోను పెట్టేస్తాడు, ఎందుకంటే అప్పటికే పక్క ఫోను మోగుతూ ఉంటుంది. తన షిఫ్టులో ఒక్క లేడిల్ కూడా గడ్డకట్టలేదని ఆయన గొప్ప. అది నిజమే, ఎవరూ కాదనలేదు. కాని ఆ ఫోను పెట్టేసే అలవాటుంది చూశారూ, అది ప్లాంటు గేటు దగ్గర ఆగిపోలేదు. ఆయనతో పాటు ఇంటికొచ్చేసింది.

పార్వతీపురం నుంచి ఇరవయ్యో ఏట పెళ్ళయి ప్లాంటు వాళ్ళ సెక్టారు క్వార్టరుకి వచ్చిన దగ్గర్నుంచీ గౌరీదేవి రోజు ఆయన షిఫ్టుల ప్రకారమే తెల్లవారింది, ఆయన షిఫ్టుల ప్రకారమే పొద్దుగూకింది. ఆయన పడుకుంటే ఇల్లంతా గుసగుస, ఆయన లేస్తే వంట. ఒక వారం పొద్దున్న, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఆమెకంటూ ఒక గడియారం ఉండేది కాదు. ఆయనతో మాట్లాడ్డం కూడా ఫోను ఆర్డరు లాగే ఉండేది. మొదటి ముక్క వింటాడు, "సరే" అంటాడు, అయిపోయింది.

అన్నిటికీ అలవాటు పడింది గాని ఒక్కటి మాత్రం ఆమె మర్చిపోలేదు. శ్రుతి ఏడాదిన్నర పిల్లప్పుడు పార్వతీపురం నుంచి కబురొచ్చింది. పక్క క్వార్టరు వాళ్ళ ఫోనులోంచి కంట్రోలు గదికి చేసి, మా నాన్నకి బాగా సీరియస్‌గా ఉందట అంది. "సరే, షిఫ్టయ్యాక చూద్దాం," అన్నాడు, పెట్టేశాడు. సాయంత్రం బండి ఉందండీ, మీరు రాలేకపోతే నేనొక్కదాన్నే ఎల్లిపోతాను అన్న రెండో మాట ఆమె చెప్పింది గాని, అప్పటికి అవతల ఎవరూ లేరు. ఆయన ఇంటికొచ్చేసరికి తలుపుకి తాళం. చంటిపిల్లని చంకనేసుకుని ఆమె ఒక్కతే బండెక్కింది. ఆయన మూడోనాడు దిగాడు, అప్పటికి అంతా అయిపోయింది. నువ్వు ఎల్తానని నాకు చెప్పనేదు కదా అని ఆ దుఃఖంలో ఆమెనే నిలదీశాడు. చెప్పాను, మీరు వినలేదు అని ఆమె ఆరోజు అనలేదు. ముప్ఫయ్యేళ్ళుగా అనలేదు. అలాంటి మాటలు లోపలే ఉండిపోతే ఏమవుతాయో ఆడవాళ్ళకి తెలుసు.

రిటైరయ్యాక ఖుర్సీపార్‌లో సొంతిల్లు కట్టుకున్నారు. సూర్యారావుకి ఫోను మోగడం మానేసింది. అప్పట్నుంచి ఆయన నడపడానికి ఏదో ఒకటి కావాల్సివచ్చింది. కుళాయి నీళ్ళు ఎన్నింటికొచ్చాయో, గ్యాసు బండ ఎప్పుడొచ్చిందో, పాలవాడు ఎన్ని నిమిషాలు ఆలస్యమో రిజిస్టర్లో రాసేవాడు. గౌరీదేవి పళ్ళ బిగువున ఊరుకునేది. సరిగ్గా అప్పుడే శ్రుతితో చదువుకున్న హేమశ్రీ, ఆంటీ, మీరు పిల్లల్ని బాగా చూస్తారు, మా దగ్గరికి వచ్చేస్తారా అని అడిగింది. గౌరీదేవి ఆలోచించుకుని చెప్తాననలేదు. ఎల్లుండి నుంచి వస్తానంది.

మొదటి మూడు వారాలు నిక్షేపంగా జరిగింది. ఏడున్నరకి కుళాయి వస్తుంది, నీళ్ళు పట్టేసి ఎనిమిదింటికి బయల్దేరేది. చరోదా వైపు నుంచి దుర్గ్ వెళ్ళే బస్సు ఒకరోజు ఎనిమిదీ పదిహేనుకి వస్తుంది, ఒకరోజు ఎనిమిదీ ముప్ఫయ్యయిదుకి వస్తుంది. ఎప్పుడొస్తే అప్పుడెక్కేది. ఆ బస్సు పోతే మళ్ళీ తొమ్మిది దాటాక. షేర్ ఆటోల సంగతి చెప్పనక్కర్లేదు, పవర్‌హౌస్ దగ్గరొకటి, సుపేలా దగ్గరొకటి మారాలి, నిండితేగాని ఏదీ కదలదు. అందుకని ఆమె స్టాపు పక్కన ఆంజి టీ కొట్టు నీడలో నిలబడి, వస్తూ పోతూ ఉన్న మనుషుల్ని చూస్తూ ఉండేది. రోజులో ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ ఏమీ అడగరు, ఎవరికీ ఏమీ వడ్డించక్కర్లేదు. నిజం చెప్పొద్దూ, ఆ నిలబడ్డం ఆమెకి ఇష్టంగానే ఉండేది.

చెడగొట్టింది ప్రేమే. మోకాళ్ళ నొప్పులున్న మనిషి రోడ్డు మీద అరగంట నిలబడుతోందని సూర్యారావు రాయపూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్న కూతురికి చెప్పాడు. శ్రుతి ఓ సెలవురోజు వచ్చి తండ్రి ఫోన్లో ఏఐ అసిస్టెంటు పెట్టింది. అడిగితే చాలు, ఏదైనా చెప్తుంది, తెలుగులో కూడా బాత్ కర్తీ హై నాన్నా అంది. వంట అడగండి, వాన అడగండి, బస్సు టైము అడగండి. అన్నీ చూపించి సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, అది చెప్పింది పూరా సునో నాన్నా, చివరిదాకా విను అని కూడా అంది. అది కూడా రెండో మాటే. ఆయన ఎందుకు వింటాడు?

మర్నాడు పొద్దున్న ఏడుంబావుకి గౌరీదేవి నీళ్ళ బిందె తోముతూంటే వరండాలోంచి పాత గొంతు వినపడింది. మూడేళ్ళుగా వినని గొంతు. "హలో యార్డ్. ట్రాఫిక్ కంట్రోల్ మాట్లాడుతున్నాను." ఆమె బిందె వదిలేసి వచ్చి చూసింది. మనిషి నిటారుగా కూర్చున్నాడు. ముందు రిజిస్టరు, చెవి వెనక పెన్ను, చేతిలో ఫోను. లోపల ఒక ఆడగొంతు పుస్తకంలో చదువుతున్నట్టు చక్కని తెలుగులో, టైమ్‌టేబుల్ ప్రకారం ఖుర్సీపార్ స్టాపుకు బస్సు ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు వస్తుంది అంది. అయితే, అంటూ ఇంకేదో మొదలుపెట్టింది. సూర్యారావు బొటనవేలు ఠక్కున పడింది. గొంతు ఆగిపోయింది. ఆయన 8.20 అని రాసుకున్నాడు.

ఎనిమిదింటికి ఆమె చెప్పులేసుకుంటే కూర్చోమన్నాడు. స్టాపుకి ఆరు నిమిషాల నడక, ఎనిమిదీ పన్నెండుకి బయల్దేరితే రెండు నిమిషాలు మిగులుతాయట. ఈలోగా చాయ్ తాగమని తనే కప్పు తెచ్చిచ్చాడు. ముప్ఫయ్యేడేళ్ళలో ఆయన చేత్తో చాయ్ తాగడం ఎన్నిసార్లో ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టగలదు. మొహమాటానికి కూర్చుంది. స్టాపుకి వెళ్ళేసరికి ఆంజి గ్లాసులు కడుగుతూ, "ఇప్పుడే ఎల్లిపోనాది అక్కా. అద్గో, దాని ఎనక సూడు," అన్నాడు. బస్సు వెనకభాగం ఫ్లైఓవరు వైపు వెళ్తూ కనబడింది. మూడు ఆటోలు మారి తొమ్మిదీ ముప్ఫయ్యయిదుకి గేటు దగ్గర పడింది గౌరీదేవి.

అక్కడ మెట్టు మీద హరిత కూర్చుని ఉంది. హరితకి రెండున్నరేళ్ళు. మిగతా పిల్లలు ఎవరెత్తుకున్నా లోపలికి వెళ్ళిపోతారు, హరిత వెళ్ళదు. గౌరీదేవి వచ్చి వంగి బూట్లు విప్పితేనే లేస్తుంది. ఎవరైనా బూట్ల మీద చెయ్యి వేశారా, ఏడుపుతో వీధి వీధంతా ఏకం చేసేస్తుంది. పిల్ల తల్లి వాసవి అరగంటగా స్కూటరు పక్కన నిలబడి ఉంది. ఆమెకీ ఒక ఆఫీసుంది, అక్కడా ఒక గడియారముంది. చేతి గడియారం చూసుకుని వెళ్ళిపోయింది. గౌరీదేవికి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే సూర్యారావు నొచ్చుకున్నాడు. నొచ్చుకుని, తప్పెక్కడుందో వెతికాడు. దొరికింది. బస్సు టైము అడిగాడు గాని, బస్సుకి ఆర్డరివ్వలేదు. ప్యాసింజరు ఉన్న సంగతి బస్సుకి తెలియకపోతే ఎందుకాగుతుంది? ఆయన మర్నాటి నుంచి పద్ధతి మార్చాడు. రోజూ టైము తీసుకున్నాక, ఎనిమిది ఇరవై బస్సుకి ఖుర్సీపార్ స్టాపులో ఒక లేడీ ప్యాసింజరు, నెహ్రూ నగర్ దిగాలి, రిపీట్ చెయ్యి అనేవాడు. ఆ గొంతు పాపం ఎంతో మర్యాదగా అంతా పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పేది. అప్పజెప్పి, అర్థమైందండీ, కానీ, అనేది. బొటనవేలు ఠక్కున పడేది. రిజిస్టర్లో టిక్కు పడేది.

నాలుగు రోజులు బస్సు ఆలస్యంగా వచ్చి ఆ పద్ధతి గెలిచింది. అదే కొంప ముంచింది. కాస్త ముందొస్తే ఆయన నోరు మూతపడేది. అయిదోరోజు వాన. ఎనిమిదీ పన్నెండుకి గొడుగేసుకుని బయల్దేరబోతుంటే, వాన కొంచెం తగ్గనీ, బస్సుకి చెప్పీసేను, రిపీట్ కూడా చేసింది, ఇంకేటి కావాలి నీకు అన్నాడు. ఆమె అయిదు నిమిషాలు ఆగింది. అంతే. ఆంజి ఈసారి తల అడ్డంగా ఊపాడు. తడిసి ముద్దయి, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, తొమ్మిదీ నలభైకి గేటు దగ్గర దిగింది. హరిత మెట్టు మీద, వాసవి గొడుగు కింద.

ఆమె కోపం ఒక ఎత్తు, ఆయన కోపం ఇంకో ఎత్తు. ఆర్డరు తీసుకుని, తిరిగి అప్పజెప్పి కూడా ఆపకుండా పోవడమా? ఆయన సర్వీసులో అలాంటి పని చేసినవాడికి ఛార్జిషీటు పడేది. మర్నాడు రిజిస్టరు చంకన పెట్టుకుని ఆమెతో పాటు స్టాపుకి వచ్చాడు. వద్దండీ, వద్దండీ అని ఆమె దారంతా బతిమాలింది. బస్సు ఆగగానే మెట్టెక్కి కండక్టరుని నిలదీశాడు. నిన్న ఏడూ నలభైకి మెసేజీ ఇచ్చాను, రిపీట్ కూడా అయింది, టైముతో సహా ఇదిగో అని పేజీ తెరిచి చూపించాడు. కండక్టరు పాతికేళ్ళ కుర్రాడు, ఆ పేజీ వంకా ఆయన వంకా చూసి, "అంకల్, ఆప్‌నే బోలా కిస్‌కో?" అన్నాడు.

ఎవరికి చెప్పారు అని అడిగాడు, అంతే. సూర్యారావు ఫోను పైకెత్తి చూపించాడు. దీనికి. బస్సులో ముందు వరసలో ఇద్దరు నవ్వారు. తర్వాత బస్సంతా నవ్వింది. ఎవరో వెనకనుంచి, మరి మా ఇంటి ముందు కూడా ఆపమని చెప్పండి అంకుల్ అన్నారు. గౌరీదేవి చీర కొంగు మొహం మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగిపోయింది. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, ఆయన రోడ్డు మీద రిజిస్టరు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. నవ్వినవాళ్ళ మీద ఆమెకి ఒళ్ళు మండింది. ఆయన మీద అంతకన్నా మండింది. జాలి కూడా వేసింది, అది ఇంకా చిరాకు.

ఆ సాయంత్రం హేమశ్రీ ఆమెని పక్కకి పిలిచింది. ఈ అమ్మాయి శ్రుతి స్నేహితురాలు, చిన్నప్పుడు గౌరీదేవి చేతి అన్నం తిన్న పిల్ల, అందుకే ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది. "ఆంటీ, మీరంటే పిల్లలకి ప్రాణం. నాకూ తెలుసు. కానీ తల్లులకి తొమ్మిదంటే తొమ్మిదే. ఇంకొక్కసారి ఇలా అయితే వేరే మనిషిని చూసుకోక తప్పదు," అంది. గౌరీదేవి తప్పు తనదేనంది. మొగుడు రిజిస్టర్లో టిక్కు పెట్టాడని ఏ మొహం పెట్టుకుని చెప్తుంది?

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ ఆ మాటే చెప్పింది. ఇంకొక్కసారి లేటయితే ఈ ఉద్యోగం ఉండదండీ. ఆయన, సరే అన్నాడు. రేపట్నించి నేను ఎనిమిదింటికే ఎల్లిపోతాను, మీ ఫోను మాట వినను అన్న రెండో మాటకి, ఆయన అప్పటికే చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

తెల్లారింది. కుళాయి ఆరోజు పావుగంట ఆలస్యంగా వచ్చింది, రావాల్సిన రోజే అలా వస్తుంది. చివరి బిందె లోపల పెట్టి చెప్పులేసుకునేసరికి ఎనిమిదీ పది. గుమ్మానికడ్డంగా సూర్యారావు కుర్చీ వేసుకుని ఉన్నాడు. పరుగెత్తక్కర్లేదు, ఎనిమిది ఇరవయ్యేనంది, నింపాదిగా నడు, మోకాళ్ళు జాగ్రత్త అన్నాడు. నిన్న బస్సంతా నవ్వినా ఆయన నమ్మకం ఇసుమంత సడల్లేదు. తప్పు కండక్టరుది, కంట్రోలుది కాదు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో గౌరీదేవికి ఆ క్షణంలో తెలిసింది. చెయ్యి చాపి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది. ఇన్నేళ్ళలో ఆమె ఆయన చేతిలోంచి ఏదీ లాక్కోలేదు.

"అమ్మా," అంది ఫోనుతో, కూరగాయలమ్మని అడిగినట్టు. "బస్సు నీకు కళ్ళకి కనబడతన్నాదేటి?"

"లేదండీ, నాకు కనబడదు," అంది ఆ గొంతు. గౌరీదేవి వేలు కదపలేదు. గొంతు తాపీగా మిగతాది కూడా చెప్పింది. నేను చెప్పేది టైమ్‌టేబుల్‌లో ఉన్న సమయం మాత్రమే. ఈ బస్సు ప్రస్తుతం ఎక్కడుందో తెలిపే సమాచారం నాకు అందడం లేదు. మీ మాటను బస్సు సిబ్బందికి చేరవేయడం కూడా నాకు సాధ్యం కాదు. పది, పదిహేను నిమిషాలు ముందుగా స్టాపుకు వెళ్ళడం మంచిది.

అది మాట్లాడిందంతా తెర మీద అక్షరాల్లో కూడా పడుతుంది. గౌరీదేవి వేలితో పైకి జరిపి చూసింది. నిన్నటిది, మొన్న వాన రోజుది, అంతకు ముందువి. ప్రతి జవాబు కిందా అదే రెండో మాట, అయితే అనో కానీ అనో మొదలై, బుద్ధిగా, ఓపిగ్గా, రోజూ ఉంది. సూర్యారావు అది ఏనాడూ చదవలేదు. చదవడం గుమస్తాల పని, కంట్రోలరు వింటాడు. వినడమంటే ఆయన లెక్కలో మొదటి ముక్క.

"ఇదిగో, ఇన్నాళ్ళూ చెప్తూనే ఉన్నాది," అంది గౌరీదేవి, ఫోను ఆయన ఒళ్ళో పెడుతూ. "మీరు విన్నేదు. నాన్న పోయినప్పుడు నేను బండెక్కుతానని చెప్పేను, అదీ విన్నేదు. లేడిల్ని గడ్డకట్టనివ్వనేదు గాని, ఇంట్లో మాటలన్నీ గడ్డకట్టీసేరు."

అనేసింది. ముప్ఫయ్యేళ్ళ నాటి మాట, ఎనిమిదీ పన్నెండుకి, చెప్పులేసుకుని. అన్నాక ఆయన మొహం చూసే తీరిక లేదు. కుర్చీని కాలితో పక్కకి తోసి గేటు దాటింది. మోకాళ్ళు ఏమంటున్నాయో పట్టించుకోకుండా నడిచింది, ఆఖరి మలుపు దగ్గర పరుగెత్తింది కూడాను. చూసినవాళ్ళు చూశారు.

"రానేదక్కా, ఇంకా రానేదు," అని ఆంజి దూరం నుంచే కేకేశాడు. గౌరీదేవి టీ కొట్టు నీడలో నిలబడి ఊపిరి పీల్చుకుంది. ఎనిమిదీ పద్దెనిమిది. ఎనిమిదీ ఇరవై. ఇరవై అయిదు. ముందొచ్చి పోవడం బస్సుకి ఎంత సులువో, అసలు రాకపోవడమూ అంతే సులువు. ఎనిమిదీ ఇరవై తొమ్మిదికి పక్కనున్న మనిషి ఆటో చూసుకుంటానని వెళ్ళిపోయింది. గౌరీదేవి కాళ్ళు కూడా ఒకడుగు ఆటో వైపు పడ్డాయి. ఆటో ఎక్కితే ఖాయంగా ఆలస్యం, ఎక్కకపోతే ఏమవుతుందో దేవుడికి తెలియాలి. హరిత ఇప్పటికి మెట్టెక్కి ఉంటుంది. ఎనిమిదీ ముప్ఫయ్యొకటికి, సిగ్గూ శరం లేకుండా, తాపీగా వచ్చింది బస్సు. కండక్టరు ఆమెని చూసి, ఈరోజు అంకుల్ ఆర్డరు లేదా ఆంటీ అన్నాడు. ఆమె చూసిన చూపుకి టిక్కెట్లు కొట్టడంలో పడ్డాడు.

పవర్‌హౌస్ దగ్గర నాలుగు నిమిషాలాగింది. సుపేలా దగ్గర ఒకాయన చిల్లర కోసం ఆపించాడు. ప్రతి ఆగుడుకీ గౌరీదేవి సీటు అంచుకి జరుగుతూ జరుగుతూ, నెహ్రూ నగర్ వచ్చేసరికి తలుపు దగ్గరే ఉంది. దిగి, రోడ్డు దాటి, సందు తిరిగి, గేటు తీసేసరికి లోపలి గోడ గడియారంలో ఎనిమిదీ యాభై ఎనిమిది. హేమశ్రీ గడియారం వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది. మెట్టు మీద హరిత రెండు కాళ్ళూ ముందుకి చాపింది. వాసవి స్కూటరు స్టార్టు చేసింది.

ఒక బూటు విప్పాక గౌరీదేవి చెయ్యి ఆగింది. సంచిలోంచి తన బటన్ల ఫోను తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే సరిగ్గా తెలీదు. పొద్దున్న అన్నమాటకి క్షమాపణ చెప్పడానికి మాత్రం కాదు, అందులో వెనక్కి తీసుకోవాల్సింది ఏమీ లేదు. కాని ముప్ఫయ్యారేళ్ళు కిటికీ లేని గదిలో కూర్చున్న మనిషి, బయట ఏం జరిగిందో ఎవరైనా కళ్ళతో చూసి చెప్తేనేగాని తెలియని మనిషి, ఇప్పుడు వరండాలో రిజిస్టరు ముందు పెట్టుకుని ఉంటాడని ఆమెకు తెలుసు. ఒక్క రింగుకే ఎత్తాడు. హలో యార్డ్ అనలేదు. హలో అన్నాడు.

"నెహ్రూ నగర్ నుంచి గౌరీదేవి," అంది. "బస్సు ఎనిమిదీ ముప్ఫయ్యొకటికి వచ్చింది. ఎనిమిదీ యాభైయెనిమిదికి గేటు దాటేను. పిల్ల మెట్టు మీదే ఉన్నాది."

అవతల పెన్ను గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. "ఎనిమిదీ ముప్ఫయ్యొకటి. యాభైయెనిమిదికి గేటు దాటేవు. పిల్ల మెట్టు మీద," అని ఆయన మెల్లగా తిరిగి అప్పజెప్పాడు.

అంతే, ఇంక ఠక్కుమంటుంది. ఆమె ఫోను చెవి మీంచి తియ్యబోయింది. ఠక్కుమనలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, వీధిలో ఎవడో ఉల్లిపాయలమ్ముతున్న కేక, అన్నీ వినిపిస్తున్నాయి.

"ఉన్నారేటి?" అంది.

"ఉన్నాను," అన్నాడు సూర్యారావు. "ఇంకా ఏదో చెప్తావని. చెప్పు."

గౌరీదేవికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ రెండో మాటకి చోటివ్వని మనిషి, తొమ్మిది కొట్టబోతుంటే, ఒక చేతిలో బూటూ ఎదురుగా పిల్లా ఉండగా చెప్పమంటాడు. హరిత రెండో కాలు ఆమె మోకాలి మీద పెట్టి తొందరపెట్టింది.

"శానా ఉన్నాది. సాయంత్రం చెప్తాను, కూర్చుని వినండి," అని, పెళ్ళయ్యాక మొదటిసారి, తనే ముందు ఫోను పెట్టేసింది.